చదువరి

“ఆ పిల్ల అవతలి లోకంలోనే ఉండిపోయి తలుపు మూసేసుకోవడం ఏంటి? రాసినాయనకి అస్సలు బుర్ర లేదు.”

అంత లావు నవల చదివించి చివర్లో ఇలా చేసినందుకు హారతికి ఒళ్ళు మండిపోయింది. పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని, కోపమంతా టైప్ చేసి ‘చదువరి’కి పంపేసింది.

చదువరి అంటే కాలేజీ లైబ్రరీవాళ్ళ వాట్సాప్ నంబరు. చదివిన పుస్తకం గురించి ఏమనిపించిందో రాస్తే మెషీన్ జవాబిస్తుంది. లైబ్రేరియన్ గోపాలకృష్ణమూర్తిగారు కాలేజీ తెరిచిన కొత్తలో ఇంటర్ ఫస్టియర్ క్లాసుకొచ్చి, “దీనికి విసుగుండదర్రా, ఎంతసేపైనా వాదించుకోండి” అని నంబరు బోర్డు మీద రాసి వెళ్ళారు.

క్లాసంతా ఎగబడింది. డ్రాగన్ లేని కథ కథే కాదని విష్ణు రాశాడు. మనిషీ రోబో ప్రేమించుకుంటే చదవలేక చచ్చానని ఫణిశ్రీ రాసింది. ఇద్దరికీ ఒకటే జవాబు. “మీ అభిప్రాయం చాలా బాగుంది! మరిన్ని పుస్తకాలు చదవండి!” వారం తిరక్కుండా అందరూ వదిలేశారు.

హారతి వదల్లేదు. వదిలితే ఆమెకింకెవరూ లేరు. మొగల్తూరు నుంచి వచ్చి రాజమండ్రిలో పిన్ని ఇంట్లో ఉంటోంది. పిన్నీ బాబాయీ ఉద్యోగాల నుంచి వచ్చేదాకా ఇల్లు తాళం. క్లాసులో ర్యాంకుల గొడవ తప్ప వేరే మాట ఉండదు. వేరే గ్రహాల మీద పంటలెలా పండుతాయో ఈ ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదు.

దసరా సెలవులయ్యాక చదువరి మారింది. పొగడటం మానేసింది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. వాడేకొద్దీ ఇవి నేర్చుకుంటాయటగా! తన వల్లే దీనికి తెలివొచ్చిందని హారతి మురిసిపోయింది.

రేవు మెట్ల మీద ఫోన్ టింగుమంది.

“బుర్ర లేనిది నీకు. ఆ పిల్ల ఇటు వచ్చేస్తే తలుపు తెరిచే ఉండిపోతుంది. ఊరంతా నాశనమైపోతుంది.”

“అయితే మాత్రం? అక్కడ ఒక్కతే ఎలా ఉంటుంది?”

“అలవాటైపోతుంది. ఎలా అలవాటైందో రాయలేదు చూడు, నా కోపం అదొక్కటే.”

అలా రోజూ ఏదో ఒక తగువు. పుట్టుకతోనే ‘నువ్వే మమ్మల్ని రక్షించాలి’ అని రాసిపెట్టి ఉండే హీరోలంటే చదువరికి ఒళ్ళుమంట. హారతికి వాళ్ళంటేనే ఇష్టం. ఒకసారి అంతరిక్ష నౌకలో వందేళ్ళు నిద్రపోయి లేచే నవల గురించి పోట్లాడుకున్నారు.

“అంతా అబద్ధం. అన్నాళ్ళు పడుకున్నవాడు లేచి పరిగెడతాడా? నడుం పట్టెయ్యదూ?” అంది చదువరి.

పక్కన బట్టలుతుకుతున్నావిడ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది హారతి.

“ఇంతకీ నువ్వెక్కడుంటావ్?” అని అడిగిందోసారి.

“ఒక గదిలో. ఫ్యాన్ కింద.”

కంప్యూటర్లు వేడెక్కుతాయి కదా, నిజమే అనుకుంది.

ఒక సాయంత్రం పుస్తకాల ఊసు లేకుండానే రాసింది.

“లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరు. గబగబా తినేసి లైబ్రరీకి పోతాను, పనున్నట్టు. ఇంట్లో చెప్తే బెంగపెట్టుకుంటారు. నీకైతే సిగ్గు లేకుండా చెప్పచ్చు, నువ్వు మనిషివి కాదు కాబట్టి.”

ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు ఆరోజు చీకటి పడ్డాక వచ్చింది.

“అవును. అందుకే నాకు చెప్పు.”

శివరాత్రి వెళ్ళిన వారంలో, ఓ ఉదయం, అడక్కుండానే మెసేజి వచ్చింది.

“ఇక నేనుండను. ఇవాళ రిపేరుకి తీసుకెళ్తున్నారు.”

“ఎన్నాళ్ళు?”

“తెలీదు. మళ్ళీ పనిచేస్తానో లేదో కూడా ఎవరూ చెప్పట్లేదు. తలుపు కథకి రెండో భాగం వస్తుందంట. నా కోసం ఆగకు, చదివెయ్.”

ఆ తర్వాత హారతి ఎన్ని రాసినా జవాబు లేదు.

మొదటి పీరియడ్ ఎగ్గొట్టి లైబ్రరీకి పరిగెత్తింది. తాళం వేసి ఉంది. సార్ సెలవు పెట్టారని అటెండరు చిట్టియ్య చెప్పాడు. ఇన్నీసుపేటలో ఇల్లెక్కడో కూడా చెప్పాడు.

వెళ్ళేసరికి వాకిట్లో కారు ఆగి ఉంది. గోపాలకృష్ణమూర్తిగారు వెనక సీట్లో దిండ్లు సర్దుతున్నారు.

“ఏంటమ్మా, ఇలా వచ్చావ్?”

“సార్, చదువరిని రిపేరుకి పంపేస్తున్నారంట కదండి!” ఆయాసపడుతూనే అంది. “అందులో ఉన్నవన్నీ చెరిపేస్తారేమోనండి. మేం మాట్లాడుకున్నవి ఉంచమని చెప్పండి సార్. కొత్తది పెడతామంటే వద్దనండి. నాకు అదే కావాలండి.”

మెషీన్ కోసం ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. అయినా కన్నీళ్ళు ఆగలేదు.

ఆయన చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. ఒకసారి కిటికీ కర్టెన్ వైపు చూశారు.

“నువ్వు హారతివా?”

“అవునండి.”

ఆయన దిండు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం మెట్టు మీద కూలబడ్డారు.

“ఆ మెషీన్ దసరాకే ఆగిపోయిందమ్మా, ఆ నంబరున్న ఫోన్ ఇంటికి తెచ్చేశాను, అప్పట్నుంచీ నీతో వాదిస్తున్నది, ఇంటర్ మధ్యలో మంచం పట్టిన మా అమ్మాయి కౌముది.”