మక్‌సున్ అవ్వ ఏవగింపు

"అక్కడే ఆగు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆ బట్టలు పెరటి గదిలో మార్చుకుని రా" అంది మక్‌సున్ అవ్వ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కంబోడియా నుంచి పీచ్ తోటల్లో కూలికి వచ్చి, అవ్వ ఇంట్లో అద్దెకుంటున్న చాంతూకు ఇది రోజూ ఉన్న బాగోతమే. కొరియాలో ఆ వైపు వేసవంతా ఊరికి ఊరే పీచ్ పండ్ల వాసన. అవ్వకు మాత్రం ఆ పండు పొడ గిట్టదు. మొగుడు పోయిన నెలకే, ఆయన ప్రాణంగా పెంచిన తోటంతా కొట్టించేసిందట. ఆయనంటే ఎంత కడుపుమంట లేకపోతే అంత పని చేస్తుందని, పండ్లు సర్దే పాకలో ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు. ఆ మంటలో కొంత తన వంతుకూ వచ్చిందని చాంతూ అనుకునేది.

ఆదివారం భాషా తరగతిలో పంతులమ్మ కొత్త మాట చెప్పింది. ఇష్టం లేకపోవడం వేరు, ఏవగింపు వేరట. ఇష్టం లేనిదాన్ని పక్కకు నెట్టేస్తాం. ఏవగింపు ఉన్నది కంటపడితేనే ఒళ్లు జలదరిస్తుంది, దాని గాలి సోకినా కడుక్కోవాలనిపిస్తుంది. తలా ఒక వాక్యం చెప్పమంటే అందరూ బొద్దింకలనీ, జెర్రులనీ అన్నారు.

"మా ఇంటి అవ్వకు నేనంటే ఏవగింపు" అంది చాంతూ.

పంతులమ్మ నవ్వలేదు. వాక్యంలో తప్పు లేదని మాత్రం చెప్పింది. చాంతూకు ఏడుపొచ్చింది. ఈ దేశంలో తనతో కూర్చుని అన్నం తినే మనిషి ఆ అవ్వ ఒక్కతే.

మర్నాడు ముసలాయన తద్దినం. పొద్దుగూకేసరికి అవ్వ ఆయన ఫొటో ముందు బల్ల వేసి, అన్నం, చేప, బేరి పండ్లు, సారా అమర్చి, వీధి తలుపు బార్లా తీసి వంటింట్లోకి వెళ్లింది. పీచ్ రైతు విస్తట్లో పీచ్ లేకపోవడమేమిటని చాంతూకు జాలేసింది. మొగుడూ పెళ్లాల మధ్య ఆ పాత కోపం చల్లారితే, తన మీదా కాస్త చల్లారుతుందేమోనని ఆశపడింది. తోటలో ఏరి తెచ్చిన పండును కడిగి ఫొటో పక్కన పెట్టింది.

అది చూసి అవ్వ మొహం పాలిపోయింది. పండు తీసుకుపోయి వీధి చివరి కాలువలో పారేసి వచ్చింది. తడిగుడ్డతో బల్ల తుడిచిందే తుడుస్తూ ఏడవసాగింది.

చాంతూ సంచి సర్దుకుంది. "ఆయనన్నా, నేనన్నా మీకు ఏవగింపని తెలుసు అవ్వా. ఇక మీ కంటపడను" అంది.

అవ్వ సంచి లాక్కుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏవగింపేమిటే పిచ్చిదానా? ఉన్న తోడు నువ్వొక్కదానివి. ఆయన కోసం ఏడాదల్లా కాచుకుని కూర్చుంటాను."

తెరిచిన తలుపు వంకే చూసింది. తర్వాత మెల్లగా అంది:

"పీచ్ వాసన తగిలితే, చనిపోయినవాళ్లు గడప తొక్కరే."