నీలం టోపీ ఆయన

మళ్లీ ఆయనే.

లిఫ్టు మెకానిక్ బూట్ల లేసులు బిగించి మొదటి చుట్టు అందుకున్నాడో లేదో, నీలం టోపీ ఆయన ఎటునుంచో వచ్చి సరిగ్గా అతని ముందు చేరాడు.

మైదానమంతా ఖాళీ. అయినా ఆయనకి ఇతని ముక్కు ముందే చోటు కావాలి.

మెకానిక్ వేగం పెంచాడు. టోపీ కూడా పెంచింది. తగ్గించాడు. అదీ తగ్గింది.

తీరా చివరి చుట్టు వచ్చేసరికి ఆయన ఎప్పట్లాగే గడ్డి మీదకి తప్పుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నిలబడిపోయాడు.

"చివరిదాకా పరిగెత్తే సత్తా లేనివాడికి ముందు నిలబడే సరదా ఎందుకో" అని ఇంటికొచ్చి భార్య దగ్గర గొణిగాడు మెకానిక్.

"పోనివ్వండి. మీరు మాత్రం పుట్టినప్పటినుంచీ పరిగెత్తుతున్నారా ఏంటి? నలభై దాటాక కదా బూట్లు కొన్నారు" అంది ఆమె నవ్వు ఆపుకుంటూ.

అతని బాధంతా అదే. పోటీకొచ్చే మిగతావాళ్లంతా బడి రోజులనుంచీ పరిగెత్తినవాళ్లు. ఇతనేమో ఓసారి లిఫ్టు బాగుచేద్దామని పై అంతస్తుకి మెట్లెక్కి, మెట్ల మీదే కూలబడి, నలుగురూ నీళ్లు తాగించాక సిగ్గుపడి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒకటే పట్టుదల. నలభై దాటినవాళ్ల పందెంలో మొదటి ముగ్గురిలో నిలబడాలి. అప్పుడే పై స్థాయి పోటీకి పంపిస్తారు.

పందెం దగ్గరపడింది. ఆ ఉదయం వాన కురిసి ట్రాక్ తడిసి ఉంది. టోపీ ఆయన మళ్లీ ముందు. ఆయన బూట్ల కింది బురద నీళ్లు ఇతని మొహాన చిందాయి.

మెకానిక్ ఆగిపోయాడు.

"ఏమండీ, ఇంత మైదానంలో మీకు ఇంకో చోటే దొరకలేదా?"

ఆయన వెనక్కి తిరిగి నెమ్మదిగా వచ్చాడు. "నా వెనక పరిగెత్తడం కష్టంగా ఉందా?"

"కష్టం కాదు, చిరాకు. రోజూ మీ వీపు చూడ్డానికా నేనొచ్చేది?"

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"భుజాలు బిగించకండి. ఊపిరి దానంతటదే అందుతుంది" అన్నాడు చివరికి.

"నేను సలహా అడగలేదు."

"సరే బాబూ."

మర్నాటినుంచి ఆయన రాలేదు.

మెకానిక్‌కి పీడ వదిలినట్టనిపించింది. కానీ మైదానమంతా తనదే అయ్యాక కాళ్లు మాట వినడం మానేశాయి. మొదట్లో ఉరికేవాడు, మధ్యలో డీలా పడేవాడు. ఆ కోపం బూట్ల మీద చూపించాడు. భార్య మీద చూపించబోతే ఆమె కళ్లెర్రజేసింది.

పందెంలోనూ అదే జరిగింది. తుపాకి పేలగానే ఉరికాడు. సగంలో ఊపిరి అందలేదు. నాలుగోవాడిగా వచ్చాడు. మూడోవాడు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే గీత దాటాడు.

మర్నాడు మెకానిక్ మామూలు చెప్పులతో మైదానానికి వెళ్లాడు. కాపలాదారు మెట్లు ఊడుస్తున్నాడు.

"నీలం టోపీ ఆయన మళ్లీ రాలేదా?"

"ఊరెళ్లిపోయారు సార్. మోకాలి వైద్యానికని ఇక్కడ కూతురింట్లో ఉండేవారంట."

"మోకాలా? రోజూ పరిగెత్తేవారుగా."

"డాక్టరు వద్దన్నా మీకోసం పరిగెత్తేవారు. మీరు రాని రోజు ఇక్కడే కాసేపు కూర్చుని వెళ్లిపోయేవారు."

"నాకోసమా? నేనెవరినని?"

"నేనూ అదే అడిగాను సార్. లేటుగా మొదలెట్టాడు, వేగం అలవాటు చేసేవాళ్లుంటే గెలుస్తాడు అన్నారు."

మెకానిక్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అయితే ఆయన కోచ్ అన్నమాట."

"కాదు సార్" అన్నాడు కాపలాదారు చీపురు ఆపి. "పెద్ద పెద్ద పందేల్లో రికార్డు కొట్టాల్సినవాళ్లకి సరైన వేగం అందేలా వాళ్ల ముందు పరిగెత్తి, చివరి చుట్టు రాగానే పక్కకి తప్పుకోవడం, వయసులో ఉన్నన్నాళ్లూ అదే ఆయన ఉద్యోగమంట."