కర్పూరం ఆర్పని సాక్షి

“ఆర్పప్పా గాబ్రియేలూ! కర్పూరం అయిపోతాండాది!” అని కసిరాడు మునసబు పుల్లయ్య.

చావడి ముందు రాతి మీద కర్పూరం మండుతోంది. మాలపల్లె గాబ్రియేలు దాని ముందు నిలబడ్డాడే గాని చెయ్యి చాపలేదు. ఆ ఊళ్లో తీర్పంటే ఇదే. సాక్షి అన్నవాడు అరచేత్తో ఆ మంట ఆర్పి, చెప్పింది నిజమని దేవుడి మీద ఒట్టెయ్యాలి. ఆర్పనివాడి మాట చెల్లదు.

“మాకు ఒట్టు లేదయ్యా. మా ప్రభువు వద్దన్యాడు. చూసింది చూసినట్టు చెప్పినా, అంతే.”

గాబ్రియేలు చెప్పింది చిన్న మాట. గురువారం పొద్దుగూకే వేళ సుబ్బయ్య బావి దగ్గర ఎద్దుల జత మాయమైనప్పుడు బొజ్జన్న అక్కడ లేడు, వేరేచోట ఉన్నాడు, తను కళ్లారా చూశాడు.

బొజ్జన్న నెత్తిన ఆ నేరం ఊరికే పడలేదు. కిందటి నెల సుబ్బయ్యతో తగువు పెట్టుకుని, “నీ ఎద్దులెట్లుంటాయో చూస్తా!” అని నలుగురిలో అరిచాడు. ఇప్పుడేమో, “ఆ యాళ యాడుంటివిరా?” అని ఎంత నిలదీసినా నోరు మెదపడు. మంగళవారం వేంపల్లె నుంచి పోలీసు జమేదారు వస్తాడు. వచ్చాడంటే కడప జైలే.

అలాంటివాడికి సాక్షి దొరికితే ఎగిరి గంతెయ్యాలి గదా! బొజ్జన్న మొహం మాత్రం పాలిపోయింది. పుల్లయ్య అది గమనించాడు.

“మరి యాడుండె? ఏం చేస్తాండె?” అని గాబ్రియేలును అడిగాడు.

“అది మాత్రం అడగొద్దయ్యా. ఎద్దుల జోలికి పోలేదు.”

గుంపులో ఎవడో కిసుక్కున నవ్వాడు. “ఎవరింటి గోడ దూకినాడో పాపం!” ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. బొజ్జన్న తల వంచేశాడు. పుల్లయ్యకూ అదే తోచింది. ఏ పరువుగల ఇంటి ఆడదో ఇరుక్కున్నట్టుంది.

బొజ్జన్న తల్లి గిడ్డమ్మ గుంపును తోసుకుని వచ్చింది. “ఒక్క మంటే గదప్పా! నాకున్నది వాడొక్కడే. ఆర్పు నాయనా, నీకు పుణ్యముంటాది!”

“చేతులు కాలినాయని భయమేమోలే,” అన్నాడు సుబ్బయ్య. ఆ మాటా నిజమే. ఈ వారంలోనే మాలపల్లెలో ప్రార్థన పాక కాలిపోయింది. దీపం పడి అంటుకుందనుకున్నారంతా. ఆర్పబోయి గాబ్రియేలు రెండు చేతులూ కాల్చుకున్నాడు, ఇంకా గుడ్డలు చుట్టే ఉన్నాయి.

“పోనీ, నీ పెండ్లాం జీవమ్మ ఆర్పినా ఒప్పుకుంటాం,” అన్నాడు పుల్లయ్య కాస్త మెత్తబడి.

“ఎవరు ఆర్పినా ఒట్టే గదయ్యా.” గాబ్రియేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. గిడ్డమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఒట్టు పెట్టలేను. అట్లని నీ కొడుకును జైలుకూ పోనీను.” మళ్లీ పుల్లయ్యతో అన్నాడు. “అయ్యా, బొజ్జన్నను ఇడిసిపెట్టండి. ఆయన బదులు నా కాలు బొండకొయ్యలో బిగించండి. ఎద్దులు దొరక్కుంటే జమేదారుకు నన్నే అప్పజెప్పండి.”

పుల్లయ్య ఆ గుడ్డలు చుట్టిన చేతుల వంక చూశాడు. జానెడు గట్టు కోసం పచ్చి అబద్ధం మీద నవ్వుతూ కర్పూరం ఆర్పినవాళ్లను ఎంతమందిని చూశాడో! నిజం చెబుతూ కూడా ఆర్పనివాణ్ణి, పైగా పరాయివాడి కోసం కొయ్యలో కాలు పెడతానన్నవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శనివారం గాబ్రియేలు కాలికి కొయ్య బిగించారు. మర్నాడు ఆదివారం. పాక లేదు గనక మాలపల్లె జనమంతా వచ్చి చావడి బయట ఎర్రటి ఎండలో కూర్చున్నారు. ఎవరూ గొంతెత్తి పోట్లాడలేదు, పాటెత్తుకున్నారు. ఆ పాట పైవీధిలో వినపడటం అదే మొదటిసారి. తరవాత గాబ్రియేలు ప్రార్థన చేశాడు. అందులో జమేదారు ఊసు లేదు, తన కాలి ఊసు లేదు. బొజ్జన్నను కాపాడమని, గిడ్డమ్మకు ధైర్యమియ్యమని అడుగుతుంటే అరుగు మీద పుల్లయ్య తెలీకుండానే లేచి నిలబడి తలగుడ్డ తీసేశాడు.

సోమవారం రాయచోటి సంతలో ఎద్దులు దొరికాయి, దొంగా దొరికాడు. ఎవడో పైఊరివాడు. పుల్లయ్య తనే వంగి కొయ్య ఊడదీశాడు.

“తప్పయిపోయిందప్పా,” అన్నాడు.

“అంత మాటొద్దయ్యా,” అని గాబ్రియేలు కుంటుకుంటూ మాలపల్లె దారి పట్టాడు.

బొజ్జన్న మాత్రం చావడి స్తంభం పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

“ఇంకెందుకురా ఏడుపు?” అన్నాడు పుల్లయ్య. “ఇంతకీ ఆయమ్మ ఎవరు? ఎవరి పరువు కోసం ఆ మారాజు ఈడ కూచున్యాడు?”

“ఆడమనిషి గాదు మామా.”

“మరి ఆ పొద్దు ఏం చేస్తాంటివిరా?”

“వాళ్ల పాకకు నిప్పు పెడతాంటి.”