తప్పుల్లేని నోట్‌బుక్

విరుదునగర్ పోటీలో మా చెల్లెలు సుధాలక్ష్మి జట్టు రోబో అంగుళం కదల్లేదు. దాన్ని కోవిల్‌పట్టి నుంచి మోసుకొచ్చిన పుణ్యానికి నన్నూ లోపల నిలబడనిచ్చారు. ఇక మిగిలింది ఇంజనీరింగ్ నోట్‌బుక్ బహుమతి. అదొస్తే చెన్నైలో పై పోటీ, రాకుంటే ఇల్లు.

రోజూ ఏం చేశారో, ఏది చెడిందో అందులో ఉండాలట. వాళ్ల టీచరమ్మకు తప్పులంటే అసహ్యం. చెడిన రోజులన్నీ తీసేయించి, మార్జిన్లు గీయించి, పైన వినాయకుడి గుర్తు పిళ్లయార్ సుళి పెట్టించి, పరీక్ష రికార్డులా తిరగరాయించింది.

జడ్జి పేజీలు తిప్పాడు. “ఒక్కసారీ చెడలేదే! మరి ఈ రోజేమైంది?”

టీచరమ్మ ఫ్యాను చూస్తోంది. సుధా నావైపు తిరిగింది.

“అన్నా, పేనా ఇయ్యి.”

“సుమ్మా ఉండుమే! టీచరు తోలు తీస్తాది.”

“తియ్యనీ. జరిగిండేది రాస్తే ఏమి?”

మోటారు కాలిన రోజు, చక్రం ఊడిన రోజు, ఈ రోజు, అన్నీ అక్కడే కూర్చుని రాసిచ్చింది.

బహుమతి వాళ్లకే ఇచ్చారు.

ఫెయిలైతే ఇంత మర్యాదని నాకు తెలీదు. పదో తరగతిలో నేనూ ఫెయిలయ్యాను. నన్ను శివకాశి టపాసుల ఫ్యాక్టరీ వ్యాన్ ఎక్కించారు.