వెలిసిపోని గాడిద

మేనత్త ఇంట్లో గాడిదని కాజెయ్యాలని నిశ్చయించుకున్నాక మేనల్లుడు చేసిన మొదటి పని, సిరాలు కొనుక్కురావడం.

గాడిదంటే ప్రాణంతో ఉన్నది కాదు. ఎప్పుడో కాలం చేసిన ఒక మహా ఫొటోగ్రాఫర్ తీసిన నలుపు తెలుపు ఫొటో. జోరువానలో, నడిరోడ్డు మీద, ఎవరి మాటా విననని మొండికేసి నిలబడ్డ గాడిద. అత్త హాల్లో సోఫా పైన వేలాడేది. ఎంత సజీవంగా ఉండేదంటే, ఇంటికొచ్చిన చుట్టాలు దాని వెనక కాళ్ళ కింద కూర్చునేవాళ్ళు కాదు. అంత పొడుగు సోఫాలోనూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి తల వైపే సర్దుకునేవాళ్ళు.

"ప్రపంచం మొత్తానికి ఈ ప్రింటు ఇదొక్కటేరా అల్లుడూ," అంది అత్త ఒకనాడు. "అద్దం లోపల బూజు పట్టినట్టుంది. నీ కొట్టుకి తీసుకెళ్ళి, విప్పి, తుడిచి పెడుదూ."

"బూజు నీకు కనిపిస్తోందా అత్తా?"

"నా మొహం! నాకెక్కడ ఆనుతుందిరా? అది గాడిదో గుర్రమో కూడా ఎవరో ఒకరు చెబితేనే."

ఆ మాట చెవిన పడగానే మేనల్లుడి లోపల ఒక దొంగ లేచి కూర్చున్నాడు.

వాళ్ళ ఇంటిల్లిపాదిదీ ఫొటోలు ప్రింటు వేసే పనే. చిన్నాన్నకి ఒక కొట్టు, అన్నయ్యకి ఒక కొట్టు. వాళ్ళుండగా అత్త తననే పిలవడం అతనికి కాస్త గర్వంగా కూడా ఉంది. నిజానికి వాళ్ళిద్దరూ అత్త గడప తొక్కడం ఎప్పుడో మానేశారు. ఎందుకని అతను ఎప్పుడూ అడగలేదు.

నకలు వెయ్యడం అతనికి పెద్ద పని కాదు. ఆ నకలు నిలవడమే పని. ఏదో ఒక సిరాతో వేస్తే కొన్ని వేసవులకి గాడిద రంగు మారుతుంది. అత్తకి ఆనకపోయినా చుట్టాలకి ఆనుతుంది. చివరగా దాని మీద చెయ్యి వేసింది ఎవరంటే, అందరూ తిరిగి తన మొహమే చూస్తారు. గాడిద రంగు మారిననాడు తన బతుకు బస్టాండే.

అందుకని "పని ఒత్తిడి, కాస్త ఆగత్తా" అని చెప్పి, మూడు రకాల సిరాలు తెచ్చాడు. ఒక్కోదానితో ఒక్కో కాగితం పట్టీ వేసి, సగానికి అట్ట కప్పి, కొట్టు పడమటి కిటికీకి అంటించాడు. వేసవి దాటాక అట్టలు తీసి చూశాడు. చవకరకం రంగునీళ్ళ సిరా ఎర్రటి వంకాయరంగుకి తిరిగింది. నాలుగు రంగులు కలిపి నలుపు చేసే సిరా పాచిరంగు తేలింది. మూడోది కార్బన్ సిరా, అంటే మసే, మెత్తగా నూరి నీళ్ళలో తేల్చింది. దాని మీద అట్ట ఎక్కడిదాకా ఉండేదో కప్పినవాడికే తెలియలేదు.

"మసికి ఇంత ధరా!" అని గొణుక్కుంటూనే పెద్ద సీసాలు కొన్నాడు.

అప్పుడు గాడిదని కొట్టుకి తెచ్చాడు. ఫ్రేము విప్పి, స్కాన్ చేసి, నకలు వేశాడు. భూతద్దం పెట్టి చూడటం, పెదవి విరవడం, చించి పారేసి మళ్ళీ వెయ్యడం. అసలు ప్రింటులో నీడల దగ్గర లేత ఎరుపు జీర కనిపిస్తే, 'పాతదనమంటే ఇదీ!' అని మురిసిపోయాడు. నకలులో ఆ జీర దిగలేదు. తుడిస్తే పోయిందని చెప్పొచ్చులే అనుకున్నాడు. ఇన్ని చేసినవాడు భూతద్దం నకలు మీదే పెట్టాడు తప్ప అసలు మీద పెట్టలేదు. అసలుని ఎవరు అనుమానిస్తారు?

"అబ్బ, తుడిస్తే ఎంత తేటపడిందిరా!" అంది అత్త, గోడకి తగిలించగానే. అప్పుడే వచ్చిన చుట్టాలు ఎప్పటిలాగే తల వైపు సర్దుకుని కూర్చున్నారు. మేనల్లుడి గుండె కుదుటపడింది.

అసలు గాడిద అతని పడగ్గదిలో, కిటికీకి ఎదురుగా చేరింది. రెండేళ్ళు ఊపిరి బిగబట్టి తరవాత అమ్ముకుంటే, కొట్టుకి తాళం వేసి కాలు మీద కాలేసుకుని బతకొచ్చు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒకనాడు భార్య మంచం దిగకుండానే అంది: "ఏమండీ, మీ గాడిదకి జ్వరమేమో చూడండి. ఒళ్ళంతా ఎర్రబడింది."

అతను భూతద్దం తెచ్చి పెట్టాడు. చుక్కలు. సన్నటి, ముచ్చటైన, ప్రింటరు చుక్కలు; ఆ ఫొటోగ్రాఫర్ కాలంలో పుట్టనే లేని ప్రింటరువి. అవీ రంగునీళ్ళ సిరావి.

అంటే ఎవడో దొంగవెధవ తనకంటే ముందే అసలుది కొట్టేశాడన్నమాట! పోలీసుల దగ్గరికి వెళితే 'నీకెలా తెలిసింది?' అంటారు. చూపు ఆనని పెద్ద మనిషిని ఇంత మోసం చేస్తారా అని అతనికి నిజంగానే కడుపు మండిపోయింది.

ఆ సాయంత్రమే అత్త ఇంటికి పరిగెత్తాడు. గోడ మీద అతని నకలు నల్లగా నిగనిగలాడుతోంది. దాని కింద అత్త కూర్చుని, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అత్తా, నాకంటే ముందు దీన్ని తుడుస్తానని ఎవరైనా పట్టుకెళ్ళారా?"

దారం మొదటిసారికే ఎక్కింది.

"ఎందుకు పట్టుకెళ్ళలేదూ? మీ మావయ్య ఉండగానే అసలుది అమ్మి ఈ ఇల్లు కట్టాం. గోడ బోసిగా ఉంటుందని చవకలో ఒక నకలు వేయించి పెట్టుకున్నాం. అది వెలిసిపోతుంటే తుడవమని మీ చిన్నాన్నకిచ్చాను, కొత్తది తెచ్చి తగిలించాడు. అదీ వెలిస్తే మీ అన్నయ్యకిచ్చాను, వాడూ ఒకటి తెచ్చి తగిలించాడు. పాపం, ఒక్కరూ కూలి అడగలేదు," అంటూ అత్త దారానికి ముడి వేసింది. "ఇంతకీ నీ సిరా ఎన్నేళ్ళుంటుంది, అల్లుడూ?"