భీమేష్ గొంతు

సినిమా విడుదలకు ముందురోజు సాయంత్రం భీమేష్ హైదరాబాదు నుంచి ఎల్లారెడ్డి వచ్చాడు. బస్టాండు దగ్గర అతని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. హీరోగా మొదటి సినిమా మరి. ఫ్లెక్సీ కింద ఫొటోలు దిగుతున్నవాళ్లను తప్పించుకుని, మాస్కు పెట్టుకుని, సందుల్లోంచి ఇంటికి చేరాడు. అతను వచ్చింది తల్లిని సినిమాకు తీసుకెళ్లడానికి కాదు. ఎలాగైనా ఆపడానికి.

తల్లి భూమక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. పక్కింటి శ్రీలత ఆకు కత్తిరించి ఇస్తుంది, ఈమె చుడుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. కరెంటు పోయినా భూమక్క చేతులు ఆగవు.

అతను మాస్కు తీయకముందే, చెప్పుల చప్పుడుకే తలెత్తింది.

"వచ్చినవా బిడ్డా. రేపు కామారెడ్డిల మొదటి ఆటకే పోదం."

కొన్నాళ్లు ఆగితే టీవీలో వస్తుందన్నాడు. థియేటర్లో తొక్కిసలాట ఉంటుందన్నాడు. ఎండలు ముదిరాయన్నాడు. భూమక్క వింటేనా.

"ఊరంత పోతున్నది. కన్నదాన్ని నేను ఆగాల్నా?"

ఇక భీమేష్ దగ్గర సాకులు అయిపోయాయి.

అతను నోటితోనే పైకొచ్చాడు. తండ్రి లేడు. చిన్నప్పుడు తల్లి పెట్టిన నియమం ఒక్కటే. ఎక్కడైనా ఆడుకో, నోరు మాత్రం మూయకు. గోళీలాడినా, గోడెక్కినా వాగుతూనే ఉండాలి. రెండు నిమిషాలు చప్పుడు ఆగిందా, "ఏడున్నవ్‌రా?" అని వాడంతా అదిరేలా కేక. చెప్పడానికి ఏమీ తోచనప్పుడు కంటబడినదల్లా చెప్పేవాడు. కోడి పోతున్నది, సైకిలు వస్తున్నది, జిలానీ సేటు దుకాణం తీస్తున్నడు. ఊరికే చెబితే విసుగని చిటికెలు వేస్తూ చెప్పేవాడు. వాగుడుకాయ అని బడిలో తన్నులు తిన్న ఆ నోరే పెద్దయ్యాక ర్యాప్ పాడింది. జిల్లా అంతా ఫోన్లలో మోగింది. కొడుకు పాట ఏది వచ్చినా భూమక్క ఫోను చెవికి ఆనించుకుని వందసార్లు వినేది.

ఆ గొంతు నచ్చే సినిమావాళ్లు పిలిచారు. తీరా చూస్తే కథలో హీరో డాక్టరు. డాక్టరుకు ఈ యాస అతకదన్నాడు దర్శకుడు. షూటింగంతా అయ్యాక భీమేష్ మాటలన్నీ వేరే అతనితో చెప్పించారు. ఒక్క ర్యాప్ పాటైనా ఉంచమని బతిమాలాడు. దాన్నీ తీసేశారు. గొడవ పడితే ఇంకో అవకాశం రాదని నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఊరిని ఎలాగో నమ్మించవచ్చు. జలుబు చేసిందనో, మైకు తేడా అనో అంటే సరిపోతుంది. భూమక్క మాత్రం మొదటి మాటకే పట్టేస్తుంది. నోరే లేని హీరోకు తల్లినా అని ఆమె మనసు విరిగిపోతుందని అతని భయం.

అన్నం తినేటప్పుడు చెప్పేద్దామనుకున్నాడు. ఆమె పెట్టెలోంచి మంచి చీర నువ్వే తీసిపెట్టమంది. తీసిపెట్టాడు. చెప్పలేకపోయాడు.

మర్నాడు కిరాయి కారులో కామారెడ్డి చేరి, ఎవరూ గుర్తుపట్టకుండా, దీపాలు ఆరిపోయాకే లోపలికి వెళ్లారు. చీకట్లో భీమేష్ మెట్టు తప్పి తూలాడు. అతని భుజం పట్టుకుని నడుస్తున్న భూమక్క తూలలేదు.

తెర మీద కారు ఆగింది. భీమేష్ దిగాడు. ఈలలు, కేకలు, గాల్లోకి కాగితం ముక్కలు. "నేనే అవ్వా" అని చెవిలో చెప్పబోయాడు. మానుకుని వెనక్కి వాలాడు. భూమక్క కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ముఖమంతా నవ్వు.

డాక్టరు నోరు తెరిచాడు. మెత్తటి గొంతు, నున్నటి మాటలు. భీమేష్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. హాల్లో ఒక్కరికీ తేడా తెలియలేదు. ఇంకా గట్టిగా ఈలలు వేశారు. అతను తెర వైపు చూడటం మానేసి తల్లినే చూస్తూ కూర్చున్నాడు. ఆమె నవ్వు అలాగే ఉంది.

ఇంటర్వెల్లో సమోసా ఇస్తే తర్వాత తింటానంది. అది ఆమె చేతిలోనే చల్లారిపోయింది. రెండో సగంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఆఖరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలిసిపోయిందనుకున్నాడు భీమేష్. అతనికి ఏడుపొచ్చింది.

బయటకు రాగానే జనం గుర్తుపట్టారు. తల్లిని కారులో కూర్చోబెట్టి వచ్చి ఫొటోలు దిగాడు. అదిరిందన్నా అన్నారు అందరూ. గొంతు ఏమైందని ఒక్కరూ అడగలేదు. అది ఇంకా బాధించింది.

కారెక్కి తలుపు వేశాడు.

"కోపమొచ్చిందా అవ్వా?"

"నీ మీద ఎందుకొస్తది. నిన్ను తీసేసిండ్రు గద బిడ్డా. గది చెప్పలేక నన్ను రావద్దంటివి."

ఇలా అనుకుంటుందని అతను ఊహించనే లేదు.

"తీసెయ్యలేదవ్వా. మొదటికెల్లి ఆఖరు దాంక నేనే ఉన్న. మాటలే వేరేటోనితోని చెప్పించిండ్రు."

భూమక్క చెయ్యి చాచి అతని గడ్డం తడిమింది. చెయ్యి మెల్లగా గొంతు దగ్గరికి వచ్చి ఆగింది.

"కండ్లున్నోళ్లకు కనవడ్డవు గావచ్చు బిడ్డా, ఈ గుడ్డిదానికి మాత్రం నువ్వు సినిమాల రానే రాలేదు."