పేరు మార్చొద్దు

“పేరు మార్చడానికి ఒప్పుకుంటేనే సంతకం పెడతాను,” అన్నాడు టైలరు, కలం మూత తీయకుండానే.

అనాథాశ్రమం ఆఫీసు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పక్కన కూర్చున్న భార్య కొంగును వేలికి చుట్టుకుంటోంది. కిటికీ అవతల ఐదేళ్ల పాప గచ్చు మీద సుద్దతో ఇల్లు గీస్తోంది.

“తాయారట! మా నాయనమ్మ కాలంలో వీధికి ఇద్దరుండేవాళ్లు. ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా ఒక్కరు కనపడరు. బళ్లో పిల్లలు ఏడిపించరూ? మిషిక అని పెడదాం.”

“ఒక్కరే ఉండడం మంచిదేగా,” అంది భార్య. “తప్పిపోయినా దొరుకుతుంది.”

“ఎందుకింత మొండిపట్టు? ఊళ్లో ఆశ్రమాలన్నీ తిప్పావు. ప్రతిచోటా పిల్లల మొహాలైనా చూడకుండా పేర్లే అడిగావు. చివరికి ఇదా నీకు నచ్చింది?”

ఆమె కొంగును వేలికి ఇంకో చుట్టు చుట్టింది.

బల్ల అవతల కూర్చున్న మేట్రన్ సర్దిచెప్పబోయింది. “చాలామంది మారుస్తారమ్మా, తప్పేం లేదు. పుట్టిన ఆస్పత్రి నుంచి ఆ పేరుతోనే వచ్చిందీ పిల్ల. కన్నవాళ్లు ఇచ్చిందంటూ ఉంటే అదొక్కటే.”

“విన్నావా? కుదరదంటే చెప్పు, ఇంకో పాపను చూద్దాం.” టైలరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

భార్య గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

“ఏమండీ, ఒక్క మాట. తాయారంటే ఏమిటో తెలుసా? అమ్మ. దాన్ని పిలిచినప్పుడల్లా మీరు అమ్మా అన్నట్టే.”

టైలరు ఆమె వైపు తిరిగాడు. తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు. కొట్టు కట్టేసి ఇంటికొస్తూ ‘అమ్మా, అన్నం పెట్టు’ అనబోయి, ఇప్పటికీ గడప దగ్గర నాలిక కరుచుకుంటాడు.

కిటికీ దగ్గరకు నడిచాడు. “తాయారూ,” అని మెల్లగా పిలిచాడు.

పాప తలెత్తింది. “ఏంటీ, నేను పనిలో ఉన్నాను,” అంది పెద్ద ఆరిందాలా.

టైలరు పకపకా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ వచ్చి సంతకం చేశాడు.

“సరే, అలాగే ఉండనీ. అవునూ, అంత పాతకాలం పేరుకి అర్థం నీకెవరు చెప్పారు?”

భార్య అప్పటికే గుమ్మం దాటి పాప వైపు పరుగెడుతోంది.

ఆ పేరు పెట్టింది ఆమే.